ఫొటోలో చెయ్యి

భార్గవ పరిశోధన మూసిన తలుపుల దగ్గర ఆగిపోయింది.

విశాఖలో ఒక కొండవాలు పేట. మూడు నెలల్లో అక్కడ పదకొండు మందికి డెంగీ వచ్చింది. ఇంటింటికీ తిరిగి నీళ్ల డ్రమ్ముల్లో దోమ లార్వాలు లెక్కపెట్టడం, అవి పుట్టకుండా చూడటం అతని పని. మొదట్లో జనం రానిచ్చారు. ఇప్పుడు అతను మలుపు తిరిగాడంటే చాలు, తలుపులు మూసుకుపోతున్నాయి. జ్వరాలు మాత్రం ఆగలేదు.

"వాళ్లకి బొత్తిగా అవగాహన లేదు మాస్టారూ," అన్నాడు గురువు దగ్గర కూర్చుని.

మాస్టారు సన్యాసిరాజు గారు. నలభై ఏళ్లుగా దోమల వెంట తిరుగుతున్న మనిషి. పేరులో సన్యాసి ఉన్నా ఉపదేశాలివ్వడం ఆయనకు చేతకాదు. ఏదైనా అడిగితే మరో ప్రశ్న వేసి ఊరుకుంటారు.

"నీళ్లు పారబొయ్యమంటే వినరండి. ఒకసారి నేనే పారబోసి చూపించాను. ఇదిగో," అంటూ భార్గవ తన నివేదిక తెరిచాడు.

పేజీ నిండా ఫొటో. నీలం రంగు డ్రమ్ము ఒరిగి ఉంది. దాని అడుగున భార్గవ బూటుకాలు. నీళ్లు మెట్ల మీదుగా పోతున్నాయి. డ్రమ్ము అంచు మీద ఒక ముసలావిడ చెయ్యి. కింద చక్కటి అక్షరాల్లో, 'ప్రజల సహకారంతో డ్రమ్ము ఖాళీ చేయుట' అని ఉంది.

మాస్టారు కళ్లజోడు సర్దుకున్నారు. "ఈవిడెవరు?"

"పోలమ్మ అని, ఆ ఇంటావిడేనండి."

"చెయ్యి అక్కడెందుకు వేసింది?"

"సాయం పట్టిందండి. నిండు డ్రమ్ము కదా, బరువు."

"ఆ పేటలో నీళ్లెప్పుడొస్తాయి?"

భార్గవ కాగితాలు తిరగేశాడు. డ్రమ్ము లోతు ఉంది, మూత ఉందో లేదో ఉంది, లార్వాల లెక్క ఉంది. నీళ్లెప్పుడొస్తాయో అడిగే గడి ఎక్కడా లేదు.

"కనుక్కుంటానండి," అన్నాడు.

"రేపు కనుక్కుందాం," అన్నారు మాస్టారు.

పొద్దున్నే కొండ కింద కుళాయి దగ్గర బిందెల వరస ఉంది. నీళ్లు మూడు రోజులకోసారి, అదీ గంటసేపే వస్తాయని వరసలో వాళ్లు చెప్పారు. పోలమ్మ వంతు వచ్చింది. మాస్టారు నిండిన ఆమె బిందెను భుజానికెత్తుకున్నారు. ఆయనకి డెబ్బై దాటాయి.

"ఏటి బాబూ, తమరు మొయ్యడమేటి," అని పోలమ్మ కంగారు పడింది. భార్గవ పరుగున వచ్చి బిందె అందుకున్నాడు. మాస్టారు ఇచ్చేసి, కుళాయి కింద రెండో బిందె పెట్టారు.

తొంభై నాలుగు మెట్లు. మొదటి బిందె హుషారుగానే ఎక్కించాడు. నాలుగో బిందెకి చొక్కా తడిసిపోయింది. ఏడోది మోస్తుంటే కాలు జారింది. సగం నీళ్లు మెట్ల మీద పారిపోతుంటే అక్కడే నిలబడి చూశాడు. పక్కన ఎక్కుతున్న ఆడవాళ్లు ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది అనిపించింది.

పదమూడో బిందెతో డ్రమ్ము నిండింది. అప్పటికి మాస్టారు కూడా నెమ్మదిగా పైకొచ్చారు. లార్వాల కోసం వంగి, డ్రమ్ము మీద చెయ్యి ఆన్చారు.

అరుగు మీద కూర్చున్న పోలమ్మ గబుక్కున లేచింది. ఆమె చెయ్యి వచ్చి డ్రమ్ము అంచు మీద పడింది. నాలుగు వేళ్లు లోపలికి, బొటనవేలు బయటికి, నరాలు తేలేలా బిగించి పట్టుకుంది.

ఆ చెయ్యి భార్గవకి తెలుసు. దాన్ని రంగుల్లో ఇరవై ప్రతులు వేయించాడు. సిగ్గుతో అతని మొహం కాలిపోయింది.

"పారబొయ్యనమ్మా. చూసి వెళ్లిపోతాను," అన్నారు మాస్టారు.

పోలమ్మ చెయ్యి తియ్యలేదు.

"అమ్మా, ఆ రోజు..." అన్నాడు భార్గవ. "మళ్లీ నీళ్లొచ్చేదాకా ఎలా గడిచింది?"

"గడిసింది బాబూ. ఇంటికో సెంబు అడుక్కున్నాం." ఆమె గొంతులో కోపం లేదు. అదే అతనికి భరించరానిదైంది. "నీల్లలో పురుగుందని సెప్తే వడగట్టుకుందును. మూతికి కోకముక్క కట్టుకుందును. తమరు సెప్పనేదు కదా."

లోపలికెళ్లి పాత చీర ముక్క తెచ్చింది. భార్గవ నీళ్లన్నీ వడకట్టి, డ్రమ్ము మూతికి గుడ్డ బిగించి కట్టాడు. ముడి వేస్తున్నంతసేపూ ఆమె మొహంలోకి చూడలేకపోయాడు. ఎదురింటి తలుపు సగం తెరుచుకుంది. ఎవరూ బయటికి రాలేదు.

సగం మెట్లు దిగాక భార్గవ ఆగాడు.

"మాస్టారూ, ఆ ఫొటో తీసేస్తానండి."

మాస్టారు ఆగకుండా దిగుతూనే ఉన్నారు.

"ఫొటో ఉండనీ," అన్నారు. "కింద రాసింది మార్చు."