పడవ కిచిడీ

ఈ ఏడు ఉరుసుకు పడవ నువ్వే నడపాలని సరంగు బాబా చెప్పినప్పటి నుంచి లతీఫ్‌కు అన్నం సయించడం లేదు. భయం వల్ల కాదు, పట్టరాని సంతోషం వల్ల.

సరంగు బాబా ఏటి ఒడ్డున తాటాకు పాకలో ఉండే ఫకీరు. వయసులో ఉండగా రంగూన్ దాకా ఓడలు నడిపిన మనిషి. తర్వాత ఓడ దిగి తస్బీ జపమాల పట్టాడు కానీ చుక్కానిని పూర్తిగా వదల్లేదు. ఏటా ఉరుసుకు ఊళ్ళో భక్తులను నావలో ఎక్కించుకుని, ఏడు కోసుల అవతల లంకలో ఉన్న దర్గాకు తనే తీసుకువెళ్ళేవాడు. ఏరు సముద్రంలో కలిసే మొగ దాటి, తీరం వెంబడి ఉత్తరంగా పోయి, ఇంకో మొగలోంచి లోపలికి వెళ్ళాలి. లతీఫ్ తొమ్మిదేళ్ళుగా ఆయన శిష్యుడు. తొమ్మిదేళ్ళూ ఆ నావలో తాళ్ళు లాగాడు, అడుగున ఊరిన నీళ్ళు తోడి పోశాడు. చుక్కాని మాత్రం ఒక్కసారీ చేతికి రాలేదు.

"నా మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు నాయనా. దారి నువ్వే ఏర్పాటు చేసుకో" అన్నాడు బాబా.

లతీఫ్ పదిహేను రోజులు కూర్చుని దారి రాశాడు. నాలుగు కాగితాలు జిగురుతో అంటించి పొడుగ్గా చేశాడు. పంచాంగం తెచ్చి తిథి చూశాడు. నవమి నాడు పోటుపాట్లు నెమ్మదిగా ఉంటాయి కనుక ఆ రోజే బయలుదేరాలి. పొద్దున్నే పాటు మొదలవగానే తాడు విప్పితే, దిగిపోయే నీరే నావను మొగ దాకా మోసుకుపోతుంది. అక్కడి నుంచి నేల మీది గాలి, మధ్యాహ్నం తిరిగిన తర్వాత సముద్రపు గాలి. గుడిసెల వరస దాటాక ఇసుక తిప్ప, ఆ తర్వాత మూడు తాటిచెట్లు ఒకే చెట్టులా కనబడే చోట ఒడ్డుకు దూరంగా జరగాలి. ఏ మలుపులో నీరు ఎన్ని బారల లోతో కూడా రాశాడు.

రాసి ఊరుకుంటే లతీఫ్ ఎందుకవుతాడు. వలలు బాగుచేసుకునేవాళ్ళకు చదివి వినిపించాడు. మంగలి సత్తియ్య తన గడ్డం గీస్తుంటే అతనికీ వినిపించాడు. పని మధ్యలో వదిలేసి పారిపోలేడు కాబట్టి సత్తియ్య మొత్తం విన్నాడు.

బయలుదేరే ముందు రోజు సాయంత్రం బాబాకు చదివాడు. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"బాగా రాశావు. మూడు తాటిచెట్ల గుర్తు నేనెప్పుడూ గమనించలేదు."

లతీఫ్‌కు ఏనుగెక్కినంత సంబరమైంది. ఆ ఊపులోనే, "బాబా, ఒక చిన్న మాట" అన్నాడు. "ఈసారి పడవ కిచిడీ మానేద్దామా? పడవ వెళ్ళిపోయాక ఇక్కడ అంత వంట దండగ కదా. ఆ బియ్యమేదో మాతో పట్టుకెళితే దర్గా దగ్గర పనికొస్తాయి."

పడవ కిచిడీ ఆ పాక దగ్గర పాత ఆనవాయితీ. నావ కదిలిన రోజున వంట చూసుకునే బీబమ్మ పెద్ద డేగిసా ఎక్కించి కిచిడీ, పచ్చిపులుసు చేసేది. మధ్యాహ్నం ఊరివాళ్ళు వచ్చి తినిపోయేవాళ్ళు. ఎవరో మొక్కుకున్న మొక్కు అయివుంటుందని లతీఫ్ అనుకునేవాడు. ఏటా పడవలోనే ఉండేవాడు కాబట్టి దాని రుచి కూడా ఎరగడు.

"దాన్ని అలా ఉండనీ" అన్నాడు బాబా.

మర్నాడు పొద్దున నావలో పద్నాలుగు మంది ఎక్కారు. బట్టల వ్యాపారి దస్తగిరి సాయిబు అందరికంటే ముందెక్కి మంచి చోటు చూసుకున్నాడు. ముసలి ఖాసింబీ దర్గాకు మొక్కుకున్న కోడిపుంజును ఒళ్ళో పెట్టుకుని, చుక్కాని పక్కనే కూర్చుంది. ముందు భాగాన గెడ పట్టుకుని పోలయ్య. అతను లతీఫ్ కంటే ఇరవై ఏళ్ళు పెద్దవాడు, సముద్రంలోనే తల నెరిసినవాడు. బాబా ఒడ్డున నిలబడి చెయ్యెత్తాడు. పాటు రాసిన వేళకే మొదలైంది. గాలి రాసిన వైపు నుంచే వీచింది. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. లతీఫ్‌కు పాట పాడాలనిపించింది, పాడాడు కూడా.

ఏటి ఆఖరి మలుపు తిరిగాక ఆ పాట ఆగింది.

మొగకు అడ్డంగా, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా తెల్లగా ఉంది. ఎక్కడో దూరాన పుట్టిన పెద్ద కెరటాలు దక్షిణం నుంచి వస్తున్నాయి. బయటికి పోయే పాటు ఎదురు తగలడంతో అవి ఇసుక మేట మీద నిలువునా లేచి విరుగుతున్నాయి.

"ఏం చేద్దారండి?" అన్నాడు పోలయ్య. ఇవాళ నావ లతీఫ్ చేతిలో ఉంది.

"ఆగారేం?" అన్నాడు దస్తగిరి సాయిబు. "ఏటా దాటేదే కదా. సాయంత్రం గంధం ఊరేగింపు అందుకోవాలి మనం."

లతీఫ్ కాగితం తీసి పైనుంచి కిందికి చూశాడు. తిథి సరిపోయింది. గాలి సరిపోయింది. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో మాత్రం ఎక్కడా లేదు. ఊరంతా గుర్తొచ్చింది. వెనక్కి వెళితే సత్తియ్య ఏమంటాడో కూడా చెవిలో వినిపించింది. రెండు పెద్ద కెరటాల మధ్య ఎక్కడో సందు దొరకకపోతుందా అనుకున్నాడు. పాటు నావను మెల్లగా అటే లాగుతోంది.

ఖాసింబీ అతని మోచెయ్యి తట్టింది. "అయ్యా లతీఫూ, ఆ తెల్లగా ఉన్నదేమిటి?"

"ఏం లేదు పెద్దమ్మా" అనబోయాడు. కానీ ఆమె మొహంలో అతని మీద అంత నమ్మకం ఉంది. లతీఫ్ కాగితం మడిచేశాడు.

"పోలయ్యా, వెనక్కి" అన్నాడు.

"అలాగేనండి" అన్నాడు పోలయ్య. గెడ అప్పటికే నీళ్ళలో ఉంది.

పాటుకు ఎదురు వెళ్ళడం అంటే మాటలు కాదు. వచ్చేటప్పుడు అరగంట పట్టిన దూరం వెళ్ళేటప్పుడు రెండు గంటలకు పైగా తీసుకుంది. ఒడ్డు వారన, నీరు తక్కువ లాగే చోట, గెడలతో పొడుచుకుంటూ వెళ్ళారు. గంధం పోయిందని గొణుగుతూనే దస్తగిరి సాయిబు కూడా ఒక గెడ అందుకున్నాడు. దారి పొడుగునా కోడిపుంజు కూస్తూనే ఉంది. లతీఫ్ ఎవరి మొహం వైపూ చూడలేదు.

పాక కనబడక ముందే నెయ్యి వాసన వచ్చింది.

ఒడ్డున విస్తళ్ళు వేసి ఉన్నాయి, ప్రతి విస్తరి పక్కనా నీళ్ళ ముంత. దిగినవాళ్ళు దిగినట్టే కాళ్ళు కడుక్కుని కూర్చున్నారు. అందరూ కూర్చున్నాక ఒకే విస్తరి ఖాళీగా మిగిలింది. లతీఫ్ దూరాన నావ తాడు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నిలబడ్డచోటే లెక్కపెట్టాడు. పద్నాలుగు మంది, పోలయ్య, తను. పదహారు విస్తళ్ళు.

ఖాళీ విస్తరి బాబా స్వయంగా తెచ్చి అతని ముందు వేసి, తన చేత్తో కిచిడీ వడ్డించాడు.

"మేం తిరిగొస్తామని మీకు ముందే తెలుసా బాబా?"

"నాకెలా తెలుస్తుంది?"

"మరి సరిగ్గా పదహారు?"

"పడవ ఎంతమంది ఎక్కితే అంతమందికీ వండిస్తాను. ఏటా అంతే."

"తొమ్మిదేళ్ళలో మనం ఒక్కసారీ తిరిగి రాలేదు కదా."

"రాలేదు. ఊరివాళ్ళు తిన్నారు." బాబా పచ్చిపులుసు గిన్నె అతని వైపు జరిపాడు. "నువ్వు రాకముందు రెండుసార్లు నేనూ తిన్నాను. ఇది కలుపుకో, బాగుంటుంది."

లతీఫ్ తలొంచుకున్నాడు. "నా రాతలో తప్పెక్కడుంది బాబా?" అన్నాడు.

"రాసినదాంట్లో తప్పేం లేదు" అని బాబా లేచి ఖాసింబీకి వడ్డించడానికి వెళ్ళాడు.

లతీఫ్ మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. తొమ్మిదేళ్ళు ఏం పోగొట్టుకున్నాడో అప్పుడు తెలిసింది. ఈలోగా ఊరివాళ్ళు కిచిడీకి వచ్చి, తమ వాటా ప్రయాణికులు తింటూ ఉండటం చూసి నోళ్ళు వెళ్ళబెట్టారు. బీబమ్మ సణుక్కుంటూ రెండో వాయి ఎక్కించింది. వచ్చినవాళ్ళలో మంగలి సత్తియ్య కూడా ఉన్నాడు.

"లతీఫ్ గారూ, మూడు తాటిచెట్లు ఒకే చెట్టయ్యాయాండి?"

"ఇంకా మూడేనయ్యా. రా, కూర్చో" అన్నాడు లతీఫ్. తనకే నవ్వొచ్చింది.

మర్నాడు తెల్లవారగానే లతీఫ్ ఇసుకలో నడుచుకుంటూ మొగ దాకా వెళ్ళి చూసి వచ్చాడు. కెరటాలు తగ్గాయి. నడిమధ్యన నల్లగా, నిమ్మళంగా దారి ఉంది. తిథి మారింది కనుక పాటు ముప్పావు గంట ఆలస్యంగా మొదలవుతుంది. గంధం అయిపోయినా ఉరుసు ఇంకా రెండు రోజులు సాగుతుంది. జనం మళ్ళీ నావ దగ్గర పోగయ్యారు, కోడిపుంజుతో సహా.

లతీఫ్ నావ వైపు వెళ్ళలేదు. ముందు పొయ్యి దగ్గరికి వెళ్ళాడు.

"బీబమ్మక్కా, డేగిసా ఎక్కించు."

"మళ్ళీనా? ఎంతమందికి?"

"పదహారు మందికి."

పాక అరుగు మీద తస్బీ తిప్పుతున్న బాబా లేచి, చేతికర్ర అందుకున్నాడు.

"పదిహేడు చెయ్యి బీబమ్మా" అన్నాడు.

ఆయన నావ ఎక్కి చుక్కాని దగ్గరికి పోకుండా ఖాసింబీ పక్కన ప్రయాణికుల్లో కూర్చున్నాడు. దస్తగిరి సాయిబు జరిగి చోటిస్తూ, "మోకాళ్ళు ఒప్పుకోవడం లేదన్నారు కదా బాబా?" అని అడిగాడు.

"ఇవాళ ఒప్పుకున్నాయి" అన్నాడు బాబా.