పాషాగారి వంటింట్లో శనివారం

...సాగదీస్తున్నానని తిట్టుకోకు వదినా, ఇదిగో అసలు సంగతికొచ్చేశా. ఆ సుల్తాను రాజ్యంలో అన్ని మతాలవాళ్ళూ ఉండేవాళ్ళని చెప్పానా? జుల్ఫికార్ పాషాగారి వంటింట్లోనూ అంతే. ముస్లిం వంటాయనకి శుక్రవారం, యూదుల రివ్కాకి శనివారం, క్రైస్తవుడికి ఆదివారం సెలవు. ఒకరు లేని రోజున మిగతా ఇద్దరూ వండేవాళ్ళు.

పాషాకి ఒళ్ళు మండింది. "వారానికి మూడు సెలవులా? ఇకనుంచి అందరికీ శుక్రవారమే!" అన్నాడు. రివ్కాకి చిక్కొచ్చిపడింది. వాళ్ళ మతంలో శనివారం పొయ్యి ముట్టించకూడదు మరి. అయినా "చిత్తం హుజూర్" అని ఊరుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం వజీరుగారు పరివారంతో సహా భోజనానికి దిగారు. ఇక్కడ చూస్తే పొయ్యిలో పిల్లి లేవలేదు! పాషా వంటింట్లోకి పరిగెత్తాడు. రివ్కా తీరిగ్గా జడేసుకుంటోంది.

"వంటేదే?"

"ఈరోజు సెలవు కదండీ."

"నీకు శుక్రవారం సెలవేంటే? నీది శనివారం కదా!"

"ఆ మాటే వజీరుగారి ముందు, ఆయన సాక్షిగా గట్టిగా అనండి హుజూర్, వెంటనే పొయ్యి ముట్టిస్తా."

అన్నాడా? అనక చస్తాడా! గొంతు చించుకుని మరీ అన్నాడు. అప్పుడా వజీరుగారు... ఆఁ? గ్యాస్ బండ వచ్చిందా? వస్తున్నా, వస్తున్నా!