పెంకులమ్మ నోముకి ఉద్యాపన లేదు

అందరూ పెంకులు పట్టుకున్నారా? పట్టుకోని వాళ్ళు పట్టుకోండి. ఇది అక్షింతలు పట్టుకుని వినే కథ కాదు. ఎందుకు కాదంటే నాకూ పూర్తిగా తెలీదు. మా అత్త నాకు చెప్పినట్టు నేను చెబుతాను, మీకు తోచినట్టు మీరు వినండి. మధ్యలో అడ్డు ప్రశ్నలు వేస్తే మీకూ తికమక, నాకూ తికమక.

అనగనగా, ఏరు ఇంకా ఊరికి ఆనుకుని పారే రోజుల్లో, ఒక కుమ్మరి వాడ. ఆ వాడలో ఒక ఇల్లు. ఆ ఇంటికి ఆదెమ్మ అని ఒక కోడలు. అత్త పేరు కొండమ్మ, మొగుడి పేరు సింహాద్రి. ముగ్గురు పిల్లలు, మంచాన దగ్గుతూ ఒక మామ, కట్టుకొయ్యకి ఒక గేదె.

ఆదెమ్మ అందగత్తె కాదు, మాటకారి కాదు, పుట్టింటి బలగం ఉన్నదీ కాదు. ఉన్నదల్లా ఒక పిచ్చి. ఈతపుల్ల కొస నమిలి కుంచె చేసుకుని, సుద్దనీళ్ళలో ముంచి, పగిలిన కుండపెంకు మీద కొంగ బొమ్మ గియ్యాలి. నిలబడ్డ కొంగ ఆమెకి వచ్చు. ఎగురుతున్న కొంగా వచ్చు. రానిదల్లా ఎగరబోయే కొంగ. కాళ్ళింకా నేల మీదే ఉంటాయి, కానీ రెప్ప వేసి తెరిచేసరికి ఉండవు చూడండి, ఆ కొంగ. ఎంత గీసినా అది పెంకు మీదకి వచ్చేది కాదు.

చిన్నప్పుడు ఆమె తండ్రి అన్నాడట. "సెయ్యి పిల్లికూన లాంటిదమ్మా. రోజూ పాలు పోస్తేనే ఇంట్లో ఉంటాది. నేకపోతే పక్కింటికి పోతాది."

ఆ మాట ఆమె మనసులో పడిపోయింది. కానీ అత్తారింట్లో పాలు పోసే తీరికేదీ?

తొలికోడి కూయగానే లేచి పెంకు తీసింది. అత్త లేచింది. "ఆదెమ్మా, నీళ్ళు!"

మిట్టమధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే పెంకు తీసింది. మొగుడు కేకేశాడు. "ఆదెమ్మా, మన్ను!"

సాయంత్రం ఏటి ఒడ్డుకి పోయి అక్కడ పెంకు తీసింది. పెద్దపిల్ల పరిగెత్తుకొచ్చింది. "అమ్మా, తమ్ముడు!"

నీళ్ళు, మన్ను, పిల్లోడు. మర్నాడూ నీళ్ళు, మన్ను, పిల్లోడు. పాపం వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. నీళ్ళు లేకపోతే మన్ను తడవదు, మన్ను తొక్కకపోతే సారె తిరగదు, పిల్లోడిని ఎత్తుకోకపోతే వాడు ఊరుకోడు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో ఆదెమ్మకి తెలియలేదు. చేతివేళ్ళు మాత్రం మొద్దుబారిపోతున్నాయి. పెళ్ళికి ముందు వచ్చిన నిలబడ్డ కొంగ కూడా ఇప్పుడు బాతులా వస్తోంది. ఆమెకి ఏడుపొచ్చింది.

ఒకనాడు నిప్పు కోసం పక్కింటికి వెళ్ళింది. ఆ ఇంటి కోడలు నరసాలు దీపం ముందు కూర్చుని నోము నోచుకుంటోంది. మొగుడు ఆకలితో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పిలవలేదు. ఉయ్యాల్లో పిల్ల ఏడిచింది. అత్తే వెళ్ళి ఎత్తుకుంది. ఆదెమ్మ నోరు తెరవబోతే ఆ ముసలమ్మ వేలు అడ్డం పెట్టింది. "నోములో ఉంది, పిలవకు."

ఆదెమ్మ నిప్పు సంగతి మర్చిపోయి ఇంటికొచ్చింది. ఆడదాన్ని పిలవకుండా ఉండే వేళ కూడా ఒకటి ఉందన్నమాట!

మర్నాడు పొద్దున్నే తలంటి పోసుకుని అత్త ముందు నిలబడింది.

"నోము పట్టానత్తా."

"ఏటి నోమే?"

అంతవరకూ ఆలోచించలేదు ఆమె. చేతిలో పెంకు ఉంది. "పెంకులమ్మ నోము" అంది.

"పెంకులమ్మా? ఏ ఊరి తల్లే?"

"మా పుట్టింటి వైపు తల్లి. రోజూ పెంకు మీద పిట్ట బొమ్మ గియ్యాలి. బోర్లించిన కుండల మీద నీడ మొదటి కుండ నుంచి మూడో కుండకి జరిగేదాకా మాటాడకూడదు. నన్ను పేరెట్టి ఎవరూ పిలవకూడదు. నేను మాటాడినా, మీరు పిలిచినా నోము సెడిపోతాది. మళ్ళీ మొదటి నుంచీ పట్టాలి." అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. అబద్ధం ఆడేవాళ్ళకి ఎక్కడ ఆగాలో తెలీదు కదా! "నోము సెడితే ఆవంలో కుండలు పగిలిపోతాయి" అని కూడా అనేసింది.

కుండలు కాల్చే ఆవం అంటే కుమ్మరి ఇంట్లో మాటలా? నెల రోజుల చాకిరీ ఆ మంటలోకి పోతుంది. కొండమ్మ ఓసారి ఆవం వైపు చూసింది. "ఎన్నాళ్ళే?"

"నలభై రోజులు. తరవాత ఉద్యాపన."

ఇక చూడండి. ఆదెమ్మ గోడ వైపు తిరిగి కూర్చుంటే కొండమ్మ కడవ తనే ఎత్తుకుంది. సింహాద్రి మన్ను తనే తొక్కుకున్నాడు. మామ దగ్గొస్తే దుప్పటి నోట్లో కుక్కుకున్నాడు. వాడలో ఆడవాళ్ళు తొంగిచూసి, "కొంగ జపం విన్నాం గానీ కొంగ నోమేటే!" అని ముక్కున వేలేసుకున్నారు.

వేళ్ళు మెత్తబడ్డాయి. బాతు మళ్ళీ కొంగయింది. ముప్ఫై తొమ్మిదో రోజొచ్చేసరికి ఆదెమ్మకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. రేపు ఉద్యాపన. ఉద్యాపన అయితే నోము అయిపోతుంది. ఎల్లుండి నుంచి మళ్ళీ నీళ్ళు, మన్ను, పిల్లోడు.

నీడ రెండో కుండ మీద ఉండగా "అబ్బా, చీమ!" అని అరిచింది.

నోము చెడింది. ఇల్లంతా నెత్తిన చేతులు పెట్టుకుంది. ఆ వారమే ఆవం విప్పారు. ఒక్క కుండ కూడా పగల్లేదు! కొండమ్మకి ఏమీ పాలుపోలేదు. నోము చెడితే పగలాలి కదా?

మళ్ళీ మొదటి రోజు నుంచీ పట్టింది. మళ్ళీ ముప్ఫై తొమ్మిదో రోజు. "పాలు పొంగిపోతన్నాయి!" అని అరిచింది. పొయ్యి మీద పాలే లేవు.

ఈసారి ఆవం విప్పితే సగం కుండలు బద్దలై ఉన్నాయి.

ఆదెమ్మ ఆ ముక్కలు ఒక్కొక్కటే తిప్పి చూసింది. పెంకులమ్మ లేదు కదా! తను అప్పటికప్పుడు అల్లింది కదా! మరి ఆ అబద్ధం ఎవరు విన్నారు? లేని తల్లికి కోపం ఎలా వచ్చింది? ఆ వారమంతా గంజి తాగి పడుకున్న పిల్లల మొహాలు చూస్తే ఆమె గుండె తరుక్కుపోయింది. నోము ముగిస్తే చెయ్యి పోతుంది. చెడగొడితే కూడు పోతుంది. నిజం చెబుదామని రెండుసార్లు అత్త దగ్గరికి వెళ్ళింది. రెండుసార్లూ "ఏటే?" అంటే "ఏం లేదత్తా" అని తిరిగొచ్చింది.

కొండమ్మ మాత్రం కొంగు బిగించింది. "ఈసారి నీ పక్కనే కూసుంటా. సీమనీ రానివ్వను, పాలనీ పొంగనివ్వను. ఎలా సెడతాదో సూస్తా."

అన్నంత పనీ చేసింది. నలభై రోజులూ కోడలి పక్కనే కూర్చుంది. ఏమీ తోచక బొమ్మ వైపు చూసింది. మొదట్లో ఆవలించింది. తరవాత తల పక్కకి వంచి చూసింది. ఆ తరవాత ఆవలించలేదు.

నలభయ్యో రోజు రానే వచ్చింది. వాయనాలు సిద్ధం. బెల్లమన్నం సిద్ధం. వాడలో ముత్తయిదువలంతా వచ్చి వరసగా కూర్చున్నారు. ఆదెమ్మ పెంకు మీద కొంగ కాలు గీస్తోంది. ముగియాలని కోరుకోవాలో, చెడాలని కోరుకోవాలో ఆమెకే తెలియడం లేదు. నీడ మొదటి కుండ దాటింది. రెండో కుండ దాటింది. మూడో కుండ అంచున పడబోతోంది.

"ఆదెమ్మా! ఆ కాలు అలగుండదే!"

అందరూ ఉలిక్కిపడ్డారు. పిలిచింది కొండమ్మ.

"ఎగరబోయే కొంగ పైకి సాగదే ఎర్రిదానా. ముందు కిందకి వొంగుతాది. మోకాలు ముడుస్తాది. నా సిన్నప్పుడు మన్నుకి ఏటికెళ్ళి రోజూ సూసేదాన్ని."

"కొండమ్మొదినా! పేరెట్టి పిలిచేశావు! నోము సెడింది!" అంది నరసాలు అత్త.

కొండమ్మ నాలిక కరుచుకుంది. నిజంగా కరుచుకుందో, కరుచుకున్నట్టు చేసిందో! తెలిసి పిలిచిందా? తెలియక పిలిచిందా? నేను మా అత్తని అడిగాను. మా అత్త వాళ్ళ అత్తని అడిగింది. ఎవరికీ తెలీదు.

ఆదెమ్మ అత్త మొహంలోకి చూసింది. "ఆవం పగుల్తాదేమో అత్తా" అంది.

"ఆవమన్నాక కొన్ని పగుల్తాయి, కొన్ని పగలవు. పగిల్తే నీకు పెంకులేగా." కొండమ్మ లేచి కడవ అందుకుంది. "రేపు మళ్ళీ మొదలెట్టు. నీళ్ళు నేను తెస్తా."

అలా ఎన్ని నలభైలు గడిచాయో లెక్క లేదు. ప్రతి నలభయ్యో రోజూ ఇంట్లో ఎవరో ఒకరు మర్చిపోయి పిలిచేవారు. ఓసారి అత్త, ఓసారి మామ, ఓసారి మొగుడు. మరీ అంత మతిమరుపు ఇల్లు ఆ చుట్టుపక్కల ఇంకోటి లేదట.

కాలం ఊరుకుంటుందా? మామ పోయాడు. కొండమ్మ పోయింది. సింహాద్రీ పోయాడు. ఆదెమ్మ ముసలిదయింది. చెయ్యి మాత్రం ఇల్లు విడిచి పోలేదు.

సింహాద్రి పోయాక వచ్చిన తొలి నలభయ్యో రోజు ఆమె గోడ వైపు తిరిగి కూర్చుంది. నీడ రెండో కుండ దాటింది. అప్పుడు తట్టింది ఇంట్లో వాళ్ళకి. ఆమెని పేరు పెట్టి పిలిచే పెద్దదిక్కు ఎవరూ మిగల్లేదు! కొడుకు అమ్మా అనాలి. మనవలు నానమ్మా అనాలి. కోడలు లచ్చి అయితే అత్తా అనాలి. అత్తని పేరుతో పిలిచిన కోడలు లోకంలో ఉందా? పిలిస్తే తప్పు. పిలవకపోతే నోము అయిపోతుంది. లచ్చి లోపలికీ బయటికీ మూడుసార్లు తిరిగింది. నీడ మూడో కుండని తాకబోతుంటే కళ్ళు మూసుకుని అరిచేసింది.

"ఆదెమ్మా!"

ఆదెమ్మ తిరగలేదు. లచ్చి దగ్గరికెళ్ళి భుజం మీద చెయ్యేసింది. ప్రాణం లేదు. ఒడిలో పెంకు ఉంది. పెంకు మీద ఒకే ఒక్క కాలు ఉంది, ముడుచుకుని. ఇంకేమీ లేదు.

ఇక వాడంతా ఒకటే తర్జనభర్జన. పిలుపు ముందా, ప్రాణం ముందా? వినకపోతే పిలిచినట్టా, కాదా? నోము ముగిసిందా, చెడిందా? ఆ కాలు సగం బొమ్మా, పూర్తి బొమ్మా? మూడు రోజులు వాదించుకున్నారు. తేలలేదు. చివరికి లచ్చి కన్నీళ్ళు తుడుచుకుని, "తేలనప్పుడు సెడినట్టే. నేను మళ్ళీ మొదలెడతా" అని ఆ ఈతపుల్ల అందుకుంది.

అందుకే ఇప్పటికీ మా వైపు ఆడవాళ్ళు పెంకులమ్మ నోము పడతారు. బొమ్మలేసేవాళ్ళు బొమ్మ, పాడేవాళ్ళు పాట, బుట్టలల్లేవాళ్ళు బుట్ట. నీడ మూడు కుండలు జరిగేదాకా ఆ మనిషిని ఎవరూ కదిలించరు. ఎవరైనా కేకేయబోతే "పెంకు మీదుంది, పిలవకు" అంటారు. నలభయ్యో రోజు మాత్రం ఎవరో ఒకరు పేరు పెట్టి పిలిచి చెడగొట్టాలి. ఆ ఒక్క రోజు కోడలు అత్తని పేరుతో పిలవొచ్చు, తప్పు లేదు. పెంకులమ్మ అంటే ఆదెమ్మేనా, వేరే తల్లి ఉందా అని నన్నడగకండి.

కథ అయింది. పెంకులు నెత్తిన వేసుకోకండి, నెత్తి పగులుతుంది. గోడ వార పెట్టుకోండి. కథలో తప్పులుంటే ఉండనీ, నోము మాత్రం ముగియకూడదు.

నాది కథలు చెప్పుకునే నోము. ఇవాళ నలభయ్యో రోజు. మా అత్త పోయి మూడేళ్ళయింది. నా కోడలు కొత్తది, సిగ్గరి, ఇందాకటి నుంచీ తలుపు చాటునే నిలబడి ఉంది. నీడ చూడండి, మూడో కుండ దగ్గరికి వచ్చేసింది. దానికి గుర్తుందో లేదో...

"సూరమ్మా!"

విన్నారుగా? చెడిపోయింది. రేపు మళ్ళీ మొదలు.