పట్టీ మీద ఒకటే గీత

లోవమ్మ తన కుక్కను తీసుకుని మూడోసారి వచ్చేసరికి హైమకు విసుగొచ్చింది. కాకినాడలో మా తాతగారు పరాంకుశంగారి పశువుల ఆసుపత్రిలో పని నేర్చుకుంటున్న కొత్త డాక్టరు ఆమె.

“గుండెలో పురుగు లేదని చెప్పాగా లోవమ్మా. ఇవాళ మళ్ళీ నెత్తురు తీసి చూశాను. పరీక్ష పట్టీ మీద ఒకటే గీత. పురుగుంటే రెండు రావాలి.”

“దగ్గేది పట్టీ కాదు గదమ్మా, మా చుక్కడు. నాలుగడుగులేస్తే కూలబడిపోతన్నాడు.”

హైమ దగ్గుమందు ఇచ్చి పంపేసింది. లోపలికొచ్చి, “ఆవిడకు ఎన్నిసార్లు చెప్పినా నమ్మకం లేదు గురువుగారూ” అంది.

చుక్కడి నెత్తురు ఇంకా సీసాలో ఉంది. తాతగారు అందులోంచి ఒక్క చుక్క గాజుపలక మీద వేసి, మైక్రోస్కోపు కింద పెట్టి, స్టూలు ముందుకు జరిపారు.

“చూడమ్మా.”

హైమ వంగి చూసింది. “ఏమీ లేదండీ.”

“నా మాల తిరిగేదాకా చూడు.”

ఆయన తులసిమాల తీసుకుని నామం మొదలుపెట్టారు. హైమ పంతంగా కన్ను ఆనించింది.

సగం మాల తిరిగిందో లేదో, ఆమె ఊపిరి బిగబట్టింది. ఒక మూల ఎర్రకణాలు అటూ ఇటూ ఒరుగుతున్నాయి, సంతలో ఎవరో జనాన్ని తోసుకుంటూ వెళ్తున్నట్టు. కాసేపటికి ఆ తోసేది కూడా కనబడింది. దారప్పోగులాంటి పురుగుపిల్ల, మెలికలు తిరుగుతోంది.

హైమ తలెత్తింది.

“అయితే పట్టీ అబద్ధం చెప్పిందా అండీ?”

“దానికి అందినంత అది చెప్పింది. మరి నువ్వు?”

తాతగారు కళ్ళు మూసుకుని మిగతా మాల తిప్పసాగారు.

హైమ తెల్లకోటుతోనే వీధిలోకి పరుగెత్తింది. లోవమ్మ ఎంతో దూరం పోలేదు. కరెంటు స్తంభం దగ్గర కుక్క కూలబడితే, పక్కనే మట్టిలో కూర్చుని దాని వీపు రాస్తోంది.

హైమ కూడా మట్టిలోనే కూర్చుంది.

“నేను తప్పు చెప్పాను లోవమ్మా. వీడి నెత్తుర్లో పురుగుంది. అది గుండెదో, మరొకటో ఇంకా నాకు తెలీదు. తేలేదాకా చూస్తాను. పద, వెనక్కి వెళ్దాం.”

“నడవలేడమ్మా వాడు. బరువు కూడాను.”

హైమ చుక్కడి పొట్ట కింద రెండు చేతులూ పోనిచ్చి లేపింది.