ఆకులో కలిసిపోయిన పురుగు

అనగనగా మంచు కురిసే దేశంలో, అడవి పక్కన ఒక ఊరు ఉండేదమ్మా. ఆ ఊళ్ళో ఎల్సీ అని నీ ఈడు పిల్ల. అమ్మా నాన్నా లేరు పాపం. పెద్దమ్మ మార్తా పంచన ఉండేది.

మార్తాకి ఊరికే చిరాకు. "నా కంటికి కనబడకే!" అనేది. అందుకని ఎల్సీ పెరట్లో చెట్టు వెనకాల కూర్చునేది. అడిగితే తప్ప నోరు విప్పేది కాదు.

ఆ చెట్టు ఆకులకి రంపం పళ్ళలాంటి అంచులు. ఒకరోజు ఒక ఆకు అంచు కదిలింది. తీరా చూస్తే అది అంచు కాదు, పచ్చటి గొంగళిపురుగు! దాని వీపు మీద కూడా అచ్చం అలాంటి పళ్ళే. ఆకు అంచుని తినేసి, ఆ తిన్నచోట తనే అంచులా అతుక్కుని కూర్చుంది, దొంగది.

అప్పుడు ఒక పిట్ట వచ్చింది. ఆకే అనుకుని ఎగిరిపోయింది. ఆ తర్వాత ఒక కందిరీగ వచ్చింది. అదీ ఆకే అనుకుంది. ఆ తర్వాత పురుగుల్ని ఏరి పారేద్దామని మార్తానే వచ్చింది. దగ్గరగా వంగి చూసినా ఆవిడకీ కనబడలేదు. ఎల్సీ మురిసిపోయింది. కనబడకుండా ఉంటే మనల్ని ఎవరూ ఏమీ చెయ్యరు అనుకుంది, పిచ్చిది.

చలి మొదలైంది. పురుగు కిందికి దిగి, రాలిన ఆకుల్లో గూడు కట్టుకుంది. చలి పోయాక రెక్కలొచ్చి ఎగురుతుందని పక్కింటి తాత చెప్పాడు. ఇక ఎల్సీకి అదే ధ్యాస.

ఆ ఊళ్ళో మంచు పడేలోపు పెరట్లో ఒక్క ఆకు మిగిలినా నామోషీ. అందరూ ఊడ్చి, కుప్ప పోసి తగలబెడతారు. మార్తా కూడా కుప్ప పోసింది. ఎల్సీ పరుగున వచ్చి ఆకులన్నీ కెలికింది. ఏది ఆకో, ఏది గూడో! పిట్టనీ కందిరీగనీ పెద్దమ్మనీ మోసం చేసిన పురుగు, ఎల్సీకి మాత్రం దొరుకుతుందా?

"ఏం వెతుకుతున్నావే?" అంది మార్తా, అగ్గిపుల్ల గీస్తూ.

ఎల్సీకి మాట్లాడకుండా ఉండడం బాగా అలవాటైపోయింది మరి.

"ఏం లేదు పెద్దమ్మా" అంది.

మార్తా నిప్పు పెట్టేసింది.

ఆ మార్తా మీద నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఒక్కసారి, "పర్లేదు, చెప్పవే" అంటే ఆవిడ సొమ్మేం పోయింది?

చలి పోయింది, చెట్టు మళ్ళీ చిగురించింది. పురుగు రాలేదు. ఎల్సీ మాత్రం ఆ చెట్టు వెనకాలే కూర్చుని ఉంది. అన్నానికి పిలవడం కూడా మర్చిపోయింది మార్తా.

నువ్వు అలా ఉండకు బంగారం. ఏడుపొస్తే గట్టిగా ఏడు. నాకు వినబడాలి.

గూడు మంటకి, బూడిద గాలికి,
కథ కంచికి, మనం మంచానికి.