పేర్లు పిలిచిన సుంకులవ్వ

అనగా అనగా, ఊళ్ళకు ఇంకా పేర్లు పుట్టని కాలం మాట. ఎర్రమిట్టల మీద గొర్రెలు తోలుకుంటూ తిరిగే జనం ఉండేవారు. వాళ్ళకు ఇల్లు లేదు, గోడ లేదు, తలుపు లేదు. మేత అయిపోతే గుడారాలు విప్పుకుని ముందుకు పోవడమే.

ఆ జనంలో సుంకులవ్వ అందరికంటే వెనక నడిచేది. కదిలే ముందు ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి "ఉండావా?" అనేది. "ఉండా" అని జవాబు వస్తేనే మంద కదిలేది. చివర తన పేరు తనే పిలుచుకుని, తనే "ఉండా" అనుకునేది. ఆమెను పిలిచేవాళ్ళు ఎవరూ లేరు.

ఆమె చిన్నప్పుడు తమ్ముడొకడు తుమ్మపొద కింద గొంగడి కప్పుకుని నిద్రపోయాడు. ముందు నడిచేవాళ్ళు వెనక ఉన్నాడనుకున్నారు, వెనకవాళ్ళు ముందు ఉన్నాడనుకున్నారు. తిరిగి వచ్చి వెతికితే గొంగడి దొరికింది. వాడు దొరకలేదు. అప్పటినుంచి ఆమె పిలుస్తూనే ఉంది.

తర్వాత మందకు పెద్దయిన బీరప్ప ఒకచోట బావి తవ్వించాడు. ఎద్దులు మోట లాగితే నీళ్ళు పైకి వచ్చాయి. బావి వచ్చాక జొన్నచేను వచ్చింది. చేను వచ్చాక గోడ వచ్చింది. గోడ వచ్చాక తలుపు వచ్చింది, తలుపుకు లోపల గడియ వచ్చింది. పిల్లలు ఎండకు మాడడం తప్పింది. ముసలివాళ్ళు దారిలో రాలిపోవడం తప్పింది. అందరూ సుఖపడ్డారు.

సుంకులవ్వ మాత్రం పొద్దు గూకే వేళ ఇంటింటి ముందు నిలబడి పిలిచేది. మొదట్లో అందరూ "ఉండా" అన్నారు. తర్వాత లోపలినుంచి దగ్గి ఊరుకున్నారు. ఆ తర్వాత దగ్గు కూడా లేదు. పక్కింటి ఈరమ్మ ఒకరోజు తిరగలి ఆపకుండానే నవ్వింది.

"గోడలకు కాళ్ళొచ్చినాయా అవ్వా? యాడికి పోతాం మేం?"

"గోడ ఉంటే మనిషి ఉన్నట్టేనా, ఈరీ?"

ఆఖరికి బీరప్పే వచ్చి, ఇక్కడ ఎవరూ తప్పిపోరని, ఇక ఈ పిలుపులు మాని నీడపట్టున కూర్చోమని చెప్పాడు.

ఆమె మానేసింది. గడియ వేసుకుని లోపల కూర్చుని పేర్లు గొణుక్కునేది. పాతవి జారిపోతున్నాయి. కొత్తగా పుట్టినవాళ్ళ పేర్లు ఎవరూ వచ్చి చెప్పలేదు. ఒకటి తప్పితే మళ్ళీ మొదటినుంచి అందుకునేది. తమ్ముడి పేరు మాత్రం ఎప్పుడూ తప్పలేదు.

ముసురు పట్టిన రోజుల్లో సుంకులవ్వ ఇంట్లోనే కాలు జారి పడింది. తుంటి విరిగింది. పాకి తలుపు దాకా వచ్చింది గానీ గడియ అందలేదు. "ఈరీ" అని పిలిచింది. "బీరప్పా" అని పిలిచింది. గుర్తున్నవాళ్ళందరినీ ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచింది.

వాళ్ళు విన్నారు. అదే ఘోరం. ఎవరి పేరు వాళ్ళకు వినబడింది. అవ్వ మళ్ళీ మొదలుపెట్టిందని బీరప్ప గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఈరమ్మ తిరగలి ఇంకాస్త గట్టిగా తిప్పింది. మర్నాడూ పిలిచింది. ఆ మర్నాడు గొంతు సన్నబడింది. చివరికి "సుంకులా" అని ఒక్క పేరే వినిపించింది. దానికి ఎవరూ "ఉండా" అనలేదు. ఆమె కూడా అనలేదు.

అమ్మయ్య, మానేసింది అనుకున్నారు. దారిన పోయేవాళ్ళు మూసిన తలుపు చూసి, అవ్వ లోపలే ఉందిలే అనుకున్నారు. లోపలే ఉంది.

ముసురు తగ్గాక వాసన వచ్చింది. తలుపు పగలగొట్టారు. తలుపు అడుగున గోళ్ళతో గీరిన గీతలున్నాయి. ఈరమ్మ వాటి మీద చెయ్యి పెట్టి కూలబడింది.

"నా పేరు నాకు ఇనబడింది," అంది. "నేను పలకలేదు."

ఆమెకే కాదు, అందరికీ వినబడింది.

ఇప్పటికీ ఆ ఊళ్ళో పొద్దు గూకే వేళ తిరగలి తిప్పరు. కూడు ముందు పెట్టుకుని కూడా, పక్కింటివాళ్ళను పేరు పెట్టి పిలిచి "ఉండా" అనిపించుకోనిదే ముద్ద ఎత్తరు. జవాబు రాకపోతే తలుపు తోసుకుని లోపలికి పోతారు. చివరగా అందరూ గడపల్లో నిలబడి "సుంకులవ్వా, ఉండావా?" అని పిలుస్తారు. కాసేపు ఆగి వింటారు. ఏమీ వినబడదు. అప్పుడు గడియ వేసుకుంటారు.