ఒక్క ఇంటి పొగ

విశ్వంభరులవారికి ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే నేరుగా సమాధానం చెప్పరు. చేతిలో పని పక్కన పెట్టి, కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకుంటారు. అంటే ఏదో ఒక ముచ్చట రాబోతోందని శిష్యులకు తెలుసు.

ఆవేళ ప్రశ్న కోదండానిది. ఆశ్రమంలో భద్రయ్య అని ఓ ముసలాయన ఉన్నాడు. ఒంటినిండా షుగరు, జేబునిండా బెల్లం. ఆయన్ని కనిపెట్టి ఉండే పని కోదండానికి పడింది. తినొద్దని మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ ఆయన సరే నాయనా అన్నాడు, అంటూనే నములుతున్నాడు. కోదండానికి ఒళ్ళు మండింది. తిన్నగా గురువుగారి దగ్గరికొచ్చి, "విననివాడికి ఎన్నిసార్లు చెప్పాలండీ?" అని నిలదీసినట్టే అడిగాడు.

గురువుగారు కళ్ళజోడు తుడుచుకున్నారు.

వయసులో ఉండగా ఆయన హిమాలయాల్లో ఒక లోయలో కొన్నాళ్ళున్నారట. ఏడాదిలో ఆరునెలలు అక్కడ మంచే. చలికైనా తట్టుకుంటారు గానీ, కొండమీద పేరుకున్న మంచంటే ఆ జనానికి హడల్. పేరుకుని పేరుకుని ఒకనాడు చరియ చరియంతా కిందికి జారిపడుతుంది. దారిలో ఇల్లుంటే ఇల్లు, మనిషుంటే మనిషి. అందుకని ఊరికి ఎదురుగా, ఏటికి ఇవతల, రాతిగుట్టమీద ఒక కాపలా గది కట్టారు. అందులో ఛోడోన్ అనే అమ్మాయి ఉండేది. ఇరవై ఆరేళ్ళుంటాయి, గట్టిపిండం.

పొద్దున్నే గది వెనక నడుములోతు గొయ్యి తవ్వి, మంచు పొరలు ఒక్కొక్కటే చేత్తో తడిమి చూడటం ఆమె పని. కింది పొర బిగిసి ఉంటే ఫర్వాలేదు. ఉప్మారవ్వలా వేళ్ళసందుల్లోంచి జారిపోయిందా, ఎదుటి కొండమీది బరువంతా కూడా అలాంటి రవ్వమీదే నిలబడి ఉన్నట్టు లెక్క. వెంటనే బూర ఊదేది. ఊళ్ళో పద్దెనిమిది ఇళ్ళు. బూర వినగానే జనం పొయ్యిలార్పి, వంతెన దాటి, ఇవతలున్న బడిలో చేరాలి. పొయ్యి ఆర్పి బయల్దేరడం ఆ ఊరి కట్టు. దుర్భిణిలో చూస్తే ఏ గొట్టంలోంచి పొగ వస్తోందో ఆ ఇంట్లో ఇంకా మనిషి ఉన్నట్టు.

పదిహేడు ఇళ్ళ పొగ ఇట్టే ఆగిపోయేది. ఆగనిదల్లా అన్నిటికంటే పైనున్న రిగ్జిన్ తాతది. భార్య పోయింది, పిల్లల్లేరు. డెబ్బై ఏళ్ళుగా ఈ కొండ కిందే ఉన్నాను, నాకు చెప్పకుండా అది కదలదు అనేవాడు. ఇంకేం చేస్తుంది? ఛోడోన్ తిట్టుకుంటూ గుట్ట దిగి, వంతెన దాటి, ఆ ప్రమాదపు వాలు కిందనుంచే పడుతూ లేస్తూ ఎక్కి వెళ్ళేది. వెళ్ళేసరికి ఆయన వెన్న కలిపిన టీ కాచి, రెండు గిన్నెలు ముందు పెట్టుకుని కూర్చునుండేవాడు! ఆమె నోటికొచ్చినట్టు తిట్టేది. ఆయన తలాడిస్తూ వినేవాడు. ఆమె టీ తాగితే గానీ కదిలేవాడు కాదు. తాగాక మాత్రం బుద్ధిగా వెంట నడిచేవాడు. ఆ చలికాలం పదకొండుసార్లు ఇదే తంతు. పదకొండుసార్లూ కొండ ఉలకలేదు, పలకలేదు.

వైర్‌లెస్‌లో పైఅధికారి కోప్పడ్డాడు. బూర ఊదడం వరకే నీ పని, వినని ముసలాడి కోసం నువ్వు ఆ వాలు కిందికి పోవడమేమిటి, రేపు నీకేమైనా అయితే మీ అమ్మకి ఎవరు చెప్పాలి అన్నాడు. అతనన్న దాంట్లో తప్పేం లేదని ఛోడోన్‌కీ తెలుసు. ఇకమీదట చచ్చినా వెళ్ళకూడదని వెళ్ళినప్పుడల్లా అనుకుంది కూడా.

పన్నెండోసారి నిజంగానే వెళ్ళలేదు. ఆ పొద్దున కింది పొర తడిమితే ఆ చలికాలంలో ఎన్నడూ లేనంత పొడిగా రాలిపోయింది. కంగారుగా గోతిలోంచి పైకి రాబోయి జారిపడింది. చీలమండ బెణికి, చూస్తుండగానే వాచిపోయింది. పాకుతూ వెళ్ళి బూర ఊదింది. పదిహేడు పొగలు ఆగాయి, ఒకటి ఆగలేదు.

రెండోసారి ఊదింది, మూడోసారి ఊదింది. ఆ పొగ తాపీగా లేస్తూనే ఉంది. వైర్‌లెస్‌లో బడికి కబురు చేస్తే, బూర మోగాక ఎవరూ వెనక్కి వంతెన దాటకూడదని నువ్వే కదమ్మా చెప్పావు అన్నారు. నిజమే, ఆమే చెప్పింది. ఛోడోన్‌కి ఏడుపొచ్చింది. ఆయన నాకోసమే కూర్చున్నాడు, రెండు గిన్నెలూ పెట్టుకుని కూర్చునే ఉంటాడు, నేనే కదా ఈ పాడు అలవాటు చేశాను అని మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చింది.

కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసేసరికి గొట్టంలోంచి తెల్లగా ఆవిరి ఒకటి లేచి, పొగ ఆగిపోయింది. కాసేపటికి మంచులో ఓ నల్లచుక్క కనిపించింది. వంతెన దాటింది. బడివైపు తిరగకుండా గుట్టవైపు తిరిగి ఎక్కడం మొదలుపెట్టింది.

రిగ్జిన్ తాతే. చేతులకు తొడుగులైనా లేవు. పొయ్యి ఆర్పడానికి నీళ్ళు వెతుక్కునే ఓపిక లేక, టీ అంతా అందులో కుమ్మరించి వచ్చాడట. గుమ్మం పట్టుకుని, ఊపిరందకుండానే కోప్పడ్డాడు.

"ఎందుకు రాలేదే పిల్లా? నీకేమయిందోనని నా ప్రాణం ఇక్కడికొచ్చింది."

ఆమె కాలు చూపించింది. ఆయన కిందనే కూలబడి ఆ పాదాన్ని ఒళ్ళోకి తీసుకున్నాడు. చప్పుడు అప్పుడే వినపడింది. ఛోడోన్ కిటికీలోంచి ఎదుటి కొండకేసి చూసింది. మంచుపొడి అణిగేసరికి ఊళ్ళో పదిహేడు ఇళ్ళున్నాయి. పైన ఉండాల్సిన ఇల్లు లేదు. తాత ఒక్కసారి తలెత్తి అటు చూశాడట. మళ్ళీ తల వంచి, వాపు పక్కన మెల్లగా నొక్కుతూ, ఇక్కడేనా నొప్పి అని అడిగాడట.

గురువుగారు అక్కడితో ఆపారు. కోదండం మొహం విప్పారింది. అయితే వెళ్ళడం మానేస్తేనే ఇలాంటివాళ్ళు దారికొస్తారన్నమాట, రేపట్నుంచి నేను భద్రయ్యగారి జోలికి పోనండీ అన్నాడు.

గురువుగారికి నవ్వొచ్చింది. అతని భుజంమీద చెయ్యి వేశారు.

"అలాగే మానేద్దువుగాని నాయనా. పన్నెండోసారి."